నడిపించే సెల్‌ఫోన్ ఆటలు – తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి



ఆళ్లగడ్డ వైపు నుండి ఒక తల్లి తన పదకొండేళ్ళ అబ్బాయిని మా ఓ.పి.కి తీసుకొచ్చింది. "మెడ మీద నలుపు పోలేదు సిస్టరమ్మా, పీచుతో రుద్దినా పోదు" అన్నది ఆమె బాధ. అబ్బాయి బరువు 52 కిలోలు, ఎత్తు 140 సెంటీమీటర్లు. ఆ నలుపు మురికి కాదు. బరువు బాగా పెరిగి, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు మెడ వెనుక, చంకల్లో చర్మం అలా మందంగా, నల్లగా మారుతుంది. అశ్రద్ధ చేస్తే ముందు ముందు షుగరు వ్యాధి రావచ్చు. అలాంటి నలుపు కనిపిస్తే రుద్దకండి, డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి.

బడి నుండి వచ్చాక ఏం చేస్తాడని అడిగాను. "ఇంగ ఏం జేస్తాడు, సెల్లు పట్టుకుంటే ఇడ్సడు" అంది. అంతలో అబ్బాయే అడిగాడు: "నడిచే గేమ్ ఉంది కదా సిస్టర్, అది ఆడొచ్చా?"

వాడు అడిగింది పోకెమాన్ గో అనే ఆట గురించి. 2016 జూలైలో విదేశాల్లో, డిసెంబరులో మన దేశంలో విడుదలైంది. ఇందులో కూర్చున్న చోటనే ఉంటే ఆట పెద్దగా సాగదు. ఆటలోని గుడ్డు పొదగాలంటే 2, 5, 10 కిలోమీటర్లు ఇలా నడవాలి. నాన్న బండి వెనుక కూర్చుని వేగంగా తిరిగితే ఆ దూరం లెక్కకు రాదు. ఆ ఏర్పాటు నాకు నచ్చింది.

అయితే అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక అమెరికా పరిశీలనను ప్రచురించింది. ఈ ఆట మొదలుపెట్టిన 18–35 ఏళ్ళ వారు మొదటి వారం రోజుకు సుమారు 955 అడుగులు ఎక్కువ నడిచారు. అంటే పది నిమిషాల నడక. ఆరో వారానికి మళ్ళీ పాత లెక్కకే వచ్చారు. పిల్లల సంగతీ అంతే. టీవీ ముందు ఒళ్ళు కదిలిస్తూ ఆడే ఆటలను 9–12 ఏళ్ళ పిల్లలకు ఇచ్చి 13 వారాలు చూశారు. 2012లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, మామూలు వీడియో ఆటలు ఆడిన పిల్లల కన్నా వీరి కదలిక ఏమీ పెరగలేదు.

5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేలా శరీరశ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆడపిల్లలకూ ఇదే లెక్క. పెద్దమనిషి అయిందని ఆట మాన్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, అందుకని చెబుతున్నాను.

కాబట్టి కదలని బిడ్డను గడప దాటించడానికి ఆ ఆట వాడుకోండి. ఫోన్ మాత్రం వెంట వచ్చే పెద్దవారి చేతిలో ఉండాలి. హైవే పక్కన, కె.సి. కెనాల్ గట్ల మీద ఫోన్ చూస్తూ నడవనివ్వకండి. మన నంద్యాల ఎండలు తెలిసినవే, వేసవిలో ఉదయం ఎండ ముదరకముందు, లేదా సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళండి. నెల తిరిగేసరికి ఆట మీద మోజు తగ్గుతుంది. ఆలోగా కబడ్డీయో, ఖోఖోనో, తొక్కుడుబిళ్ళో, ఆడడానికి నలుగురు పిల్లలను చూసిపెట్టండి.

ఆ అబ్బాయికి రక్తపరీక్షలో షుగరు లేదని తేలింది. వాళ్ళ తాత తోడు వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. మూడు నెలలకు మళ్ళీ వచ్చారు. ఆట ఎప్పుడో మానేశాడట, తాతతో నడక మాత్రం ఉంది, సాయంత్రాలు వీధి పిల్లలతో కబడ్డీ కూడా. ఎత్తు ఒక సెంటీమీటరు పెరిగింది, బరువు అదే 52. "ఒక్క కిలో కూడా తగ్గలేదే" అని తల్లి దిగులుపడింది. ఎదిగే పిల్లల్లో మేము ముందుగా చూసేది బరువు పెరగకుండా ఎత్తు పెరగడమే అని చెప్పాను. మెడ మీద నలుపు ఇంకా ఉంది. అది తగ్గడానికి చాలా నెలలు పడుతుంది.