పక్వానికి రాని కాయ, అనుమతి రాని మందు

మదీనాలో కొందరు తోటల యజమానులు ఖర్జూరం ఇంకా పచ్చిగా ఉండగానే అమ్మేసేవారు. కోతల వేళకు కొన్నవాడు తగవుకు దిగేవాడు. కాయలు నల్లబడ్డాయని, తెగులు తగిలిందని, రాలిపోయాయని అనేవాడు. ఈ తగాదాలు పెరిగిపోయాక, పండులో పక్వత కనబడేవరకు అమ్మవద్దని దైవప్రవక్త (సఅసం) సలహా ఇచ్చారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తెలిపిన ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది.

షేర్లు కొనే సోదరులు కొందరు మమ్మల్ని ఇలా అడుగుతున్నారు: ఒక కంపెనీ కొత్త మందును పరీక్షిస్తోంది. అనుమతి వస్తే షేరు ధర అమాంతం పెరుగుతుంది. ఆ వార్త కోసం షేర్లు పెట్టుకుని ఎదురుచూడవచ్చా? ఇదీ పచ్చికాయల బేరమేనా?

ముందు ఒక నిజ సంఘటన చూద్దాం. అమెరికాలోని సియాటిల్‌లో డెండ్రియాన్ అనే కంపెనీ ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సరుకు ప్రొవెంజ్ అనే చికిత్స రూపొందించింది. రోగి రక్తం నుంచే రోగనిరోధక కణాలు తీసి, బయట సిద్ధం చేసి, తిరిగి ఎక్కిస్తారు. 2007 మార్చిలో నిపుణుల సంఘం అనుకూలంగా చెప్పగానే షేరు ధర రెండింతలు దాటింది. మే నెలలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఇంకా ఆధారాలు కావాలన్నది. ఒక్కరోజులో సగానికి పైగా విలువ పోయింది. చిన్న మదుపరులు మరో మూడేళ్లు కాచుకున్నారు. 2010 ఏప్రిల్ 29న అనుమతి వచ్చింది.

ఇక కష్టాలు తీరాయనే ఎవరైనా అనుకుంటారు. కానీ అప్పట్లో పూర్తి చికిత్స ధర 93 వేల డాలర్లు. వైద్యులు ముందుగా తామే డబ్బు కట్టి, తర్వాత బీమా నుంచి రాబట్టుకోవాలి. చాలామంది వెనుకాడారు. అమ్మకాలు అంచనాలను అందుకోలేదు. 2014 నవంబరులో కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది. చికిత్స మరో కంపెనీ చేతికి వెళ్లి కొనసాగింది, పాత వాటాదారులకు మాత్రం ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. షేరు కొన్నవాడు కాయలు కొన్నవాడు కాదు, తోటలోనే భాగస్వామి. వడగళ్లు పడితే అతనికీ నష్టమే, పండితే అతనికీ లాభమే. ఇలాంటి భాగస్వామ్యం (షిర్కత్) ధర్మసమ్మతం. హలాల్ వ్యాపారం చేసే కంపెనీల వాటాలు కొనవచ్చని 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూడా తీర్మానించింది. కంపెనీకి వడ్డీ లావాదేవీలు ఉంటే అది వేరే చర్చ. రోగానికి మందు వెతకడం మంచి పనే గనుక, ఆ పనిలో వాటాదారుగా ఫలితం కోసం ఎదురుచూడటంలో దోషం లేదు.

కానీ మందు ఏ జబ్బుకో కూడా తెలియకుండా, వార్తకు ముందురోజు కొని మర్నాడు అమ్ముకోవాలని సొమ్ము పెట్టేవాడిని భాగస్వామి అనగలమా? కొందరు ఉలమా ఇంత కఠినంగా అనకపోవచ్చు గాని, అతనికీ జూదగాడికీ తేడా మాకు కనబడటం లేదు. అందులోనూ ఆ సొమ్ము పిల్లల ఫీజుకో, తల్లిదండ్రుల వైద్యానికో దాచినదైతే మరీ ఘోరం.

ఇంకో సంగతి. 2001 డిసెంబరులో ఇమ్‌క్లోన్ అనే కంపెనీ అధిపతి సామ్యూల్ వాక్సల్‌కు, తమ క్యాన్సరు మందు ఎర్బిటక్స్ దరఖాస్తును ఎఫ్.డి.ఎ. స్వీకరించబోవడం లేదని ముందే తెలిసింది. ఆయన కబురందించడంతో కూతురు తన షేర్లు అమ్మేసుకుంది. 2003లో ఆయనకు ఏడేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆ మందుకు 2004లో అనుమతి వచ్చింది కూడా!

సరుకుతో వచ్చే బిడారులకు సంత ధర తెలియకముందే ఊరి బయట ఎదురెళ్లి కొనడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. సంతకు చేరాక ఆ బేరం రద్దు చేసుకునే హక్కును సరుకుదారుకు ఇచ్చారు. ఒకరికి తెలిసిన ధర మరొకరికి తెలియకపోవడమే అక్కడి అన్యాయం. కంపెనీలో పనిచేసే మిత్రుడు లోపలి కబురు చెప్పాడని సంతోషించే సోదరులు ఈ హదీసును ఒకసారి చదవాలి.

చివరగా జకాత్ విషయం. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్న షేర్లు వర్తక సరుకు కిందికే వస్తాయి. మిగతా సొమ్ముతో కలిపి నిసాబ్‌కు చేరితే, సంవత్సరం పూర్తయిన రోజున ఉన్న మార్కెట్ ధరపై నూటికి రెండున్నర చొప్పున జకాత్ తీయాలి. కొన్న ధరతోనూ, రేపు వస్తుందనుకునే ధరతోనూ పనిలేదు. అనుమతి వచ్చాక ఒకేసారి ఇస్తాములే అని వాయిదా వేయడం కుదరదు.