ఇంద్రుడిలా వెనక్కి రా

చిరంజీవి అబ్బాయికి,

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయం చదువుతున్నానని రాశావు. దేవుడు హృదయంలోనే ఉంటే గుడీ పూజా ఎందుకని అడిగావు. మంచి ప్రశ్న. కానీ జవాబుకు తొందరపడకు.

ఆ అధ్యాయం ఈ శరీరాన్ని బ్రహ్మపురం అంటుంది. అందులో హృదయమనే తామరపువ్వులాంటి చిన్న ఇల్లు, ఆ ఇంట్లో చిన్న ఆకాశం, ఆ ఆకాశంలో ఉన్నదాన్ని వెతకమంటుంది. అంత చిన్నచోట ఏముంటుందన్న సందేహాన్నీ తానే ఎత్తుకుంటుంది. బయటి ఆకాశం ఎంతో లోపలిదీ అంతేననీ, భూమి, గాలి, సూర్యచంద్రులు, నక్షత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయనీ చెబుతుంది. కాబట్టి గుండెకాయలో దాని కొలతలు వెతక్కు.

అలాగని నీకు తోచినదల్లా అంతరార్థం కాదు. ఆ ఆకాశం పంచభూతాల్లో ఒకటా, జీవుడా, పరబ్రహ్మమా అని బ్రహ్మసూత్రాల్లోని దహరాధికరణం విచారిస్తుంది. తరువాతి వాక్యాలను ఆధారం చేసుకుని పరబ్రహ్మమేనని తేలుస్తుంది. దానికి పాపం, ముసలితనం, చావు, శోకం, ఆకలి, దాహం అంటవు. దాని కోరికా సంకల్పమూ సత్యమైనవి. నీకు తట్టిన అర్థం ఈ ఎనిమిది గుణాలకూ సరిపోతుందా అని చూసుకో.

ఇంద్ర విరోచనుల కథ కూడా అక్కడిదే. దేవతల్లోంచి ఇంద్రుడూ, అసురుల్లోంచి విరోచనుడూ ఆత్మను తెలుసుకోవాలని వెళ్లి ప్రజాపతి దగ్గర 32 ఏళ్లు బ్రహ్మచర్యంలో ఉన్నారు. నీళ్లలో కనబడిన తమ రూపమే ఆత్మ అనుకున్నారు. విరోచనుడు తృప్తిగా వెళ్లి అసురులకు అదే బోధించాడు. ఇంద్రుడికి దారిలోనే అనుమానం వచ్చింది: ఒంటికి గుడ్డితనం వస్తే ఆత్మకూ వచ్చినట్టేనా? వెనక్కి వచ్చాడు. కలలో తిరిగేవాడు ఆత్మ అన్నా, గాఢనిద్ర అన్నా లోపం కనిపెట్టి మళ్లీ మళ్లీ వచ్చాడు. మొత్తం 101 ఏళ్లు పట్టింది. ఒక అర్థం మనసుకు హాయిగా తోచగానే పుస్తకం మూసెయ్యకు. మర్నాడు అదే మంత్రం మళ్లీ తియ్యి, గురుముఖంగా విను.

ఇంకొక మాట. పాతిపెట్టిన బంగారం మీదుగానే నడుస్తూ దాన్ని ఎరగనివాళ్లలా, రోజూ హృదయంలోని ఆ బ్రహ్మలోకానికి వెళుతూనే మనుషులు తెలుసుకోలేకపోతున్నారంటుంది ఉపనిషత్తు. కప్పిన తెర పేరు అనృతం, అంటే అబద్ధం. ఎంత చదివినా నోట అబద్ధం తగ్గకపోతే ఆ తెర తొలగదు.

ఇక గుడీ పూజా సంగతి. అంత లోపలికి తీసుకెళ్లిన ఆ అధ్యాయం చివరికి నిన్ను ఇంటికే పంపుతుంది. శుచిగా ఉన్నచోట స్వాధ్యాయం చెయ్యమంటుంది, పిల్లల్ని ధర్మంగా పెంచమంటుంది, ప్రాణుల్ని హింసించవద్దంటుంది. కనుక మీ అమ్మ పెట్టే దీపానికి దణ్ణం పెట్టుకో. ఆమెలోనూ అదే ఆకాశం ఉందని గుర్తుంచుకుని, ఆమెతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించు. నీ చదువుకు మొదటి పరీక్ష అదే.

శుభం భూయాత్.

ఇట్లు,
మీ పెద్దనాన్న