చిన్నదానిపై చెయ్యి తిరిగాకే పెద్ద డ్రోన్ పట్టుకోండి

జీవామృతం, నీమాస్త్రం పిచికారీకి డ్రోన్ నేర్చుకుందాం అనుకునేవాళ్ల కోసం ఈ పాఠం. వీడియో చూసే ముందు ఇది ఒకసారి చదవండి.

రిమోట్‌తో ఎగిరే యంత్రం పొలంలోకి రావడం కొత్తేమీ కాదు. జపాన్‌లో యమహా కంపెనీ 1987లోనే ఆర్-50 అనే పైలట్ లేని హెలికాప్టర్‌ను వరి పొలాల్లో పిచికారీకి తెచ్చింది. ఇప్పుడు మన దగ్గరికి డ్రోన్లు వచ్చాయి. "జీపీఎస్ ఉంది కదా, అదే చూసుకుంటుందిలే" అనుకుంటాం. సిగ్నల్ ఉన్నంతసేపూ నిజమే. జీపీఎస్ పోయిందంటే డ్రోన్ గాలివాటున కొట్టుకుపోతుంది. అప్పుడు కాపాడేది మీ చెయ్యే.

ఎందుకింత జాగ్రత్త?

2013లో న్యూయార్క్‌లోని ఒక పార్కులో బొమ్మ హెలికాప్టర్ రెక్క తగిలి దాన్ని ఎగరేస్తున్న యువకుడే చనిపోయాడు. అతను కొత్తవాడు కాదు, బాగా అనుభవం ఉన్నవాడు. 10 లీటర్ల స్ప్రే డ్రోన్ ట్యాంకు నింపితే 20 కిలోలు దాటుతుంది. దాని రెక్కలకు ఎదురుగా ఉన్నది ఆకా, చెయ్యా అన్న తేడా తెలియదు.

ఎలా మొదలుపెట్టాలి?

1. ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్. ఇక్కడ వందసార్లు పడేసినా నష్టం లేదు.

2. తర్వాత 250 గ్రాముల లోపు చిన్న డ్రోన్. దీనికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కోత అయిపోయిన ఖాళీ మడిలో, గాలి లేని పొద్దున పూట మొదలుపెట్టండి.

3. తోక మీ వైపు, ముక్కు అవతలికి పెట్టి, ఒకే చోట గాల్లో నిలబెట్టండి. పూర్తి నిమిషం కదలకుండా నిలిచేదాకా ముందుకు పోవద్దు.

4. తర్వాత పక్కలకు తిప్పి నిలబెట్టండి. చివరగా ముక్కు మీ వైపు.

అసలు కష్టం ఈ చివరి మెట్టులోనే. ముక్కు మీ వైపు ఉన్నప్పుడు స్టిక్ కుడికి నెడితే డ్రోన్ మీ ఎడమకు పోతుంది. కంగారులో ఇంకా నెడతాం, అది ఇంకా దూరం పోతుంది. ఒక చిన్న గుర్తు పెట్టుకోండి: ఒరిగిపోతున్న పందిరికి గుంజ ఆనిస్తాం కదా, అలాగే అది ఏ వైపు ఒరుగుతుంటే స్టిక్ ఆ వైపే నెట్టండి. ముక్కు మీ వైపు ఉన్నప్పుడే ఈ గుర్తు పనిచేస్తుంది. తోక మీ వైపు ఉంటే మామూలే, ఎటు పోవాలో అటు నెట్టడమే.

రోజూ పాటించాల్సినవి

- ముందు రిమోట్ ఆన్, తర్వాతే డ్రోన్ బ్యాటరీ. ఆపేటప్పుడు ముందు డ్రోన్, చివర రిమోట్.
- రెక్కలు పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లండి. పిల్లలు, పశువులు దూరంగా ఉండాలి.
- కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎగరేయొద్దు.
- సిగ్నల్ పోతే తిరిగొచ్చే ఎత్తు, మీ గట్టు మీద కొబ్బరిచెట్ల కన్నా ఎక్కువ పెట్టుకోండి.
- ఉబ్బిన బ్యాటరీ వాడొద్దు. ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు.

పెద్ద డ్రోన్‌కి వచ్చాక

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల దాకా ఉన్నవి 'స్మాల్' తరగతి. వీటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి.

మొదటి రోజులు ట్యాంకులో మంచినీళ్లే పోయండి. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీళ్లు ఊగుతాయి, బరువు తగ్గుతూ వస్తుంది. ఆ తేడా చేతికి తెలియాలి. జీవామృతం పోసే రోజు పలచటి గుడ్డతో రెండుసార్లు వడకట్టండి. లేకపోతే నాజిల్ మూసుకుపోయి, మీ చూపు డ్రోన్ మీద నుంచి నాజిల్ మీదికి పోతుంది. అద్దె డ్రోన్ అయితే అంతకుముందు అందులో ఏ మందు కొట్టారో అడగండి. ట్యాంకు, పైపులు బాగా కడిగించాకే మీ పొలంలో దించండి.

తొందరేమీ లేదు. ముక్కు మీ వైపు తిప్పి కూడా స్థిరంగా నిలబెట్టగలిగిన రోజు, పెద్ద డ్రోన్ శిక్షణకు మీరు సిద్ధమైనట్టే. సందేహాలుంటే అడగండి.