పురుటినొప్పి తగ్గించు మందులు - తల్లిపాలు

పురుటినొప్పుల బాధ పడిన తల్లికే తెలియును. దానిని తగ్గించుటకు వైద్యశాస్త్రము చాలకాలమునుండి కృషి చేయుచున్నది. 1847వ సంవత్సరమున ఎడింబరో నగరములో సింప్సన్ అను వైద్యుడు ప్రసవసమయమున క్లోరోఫారము వాడెను. 1853లో ఇంగ్లండు రాణి విక్టోరియా తన ఎనిమిదవ కానుపునందు దానిని పీల్చి ఉపశమనము పొందెను. నాటినుండి అనేక మందులు వచ్చినవి.

మన పల్లెలలో పూర్వము కానుపులు ఇంటనే జరుగుచుండెడివి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున నూటికి 88.6 కానుపులు ఆసుపత్రులలో జరిగినవి. శస్త్రచికిత్సతో జరిగిన కానుపులు తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశములో 42.4. కావున మత్తుమందు, వెన్నుసూది అను మాటలు నేటి పల్లెటూరి ఇల్లాలికి క్రొత్త కావు. ఈ మందులవలన శిశువు పాలు త్రాగుటకు ఏమైన ఆటంకము కలుగునా అనునది ప్రతి కుటుంబమును తెలిసికొనదగిన విషయము.

ఒక ఇంట జరుగు సంగతి చూడుడు. శిశువు పుట్టి మూడు గంటలైనది. రొమ్ము నోటికందించినను పట్టక నిద్రించుచున్నది. “కోడలికి పాలు పడలేదు, డబ్బాపాలు తెప్పించండి” అని అత్తగారు తొందరపడును. “మత్తుమందు పాలలో దిగియుండును, మూడు దినములు పట్టవద్దమ్మా” అని పొరుగింటి పెద్దమ్మ హెచ్చరించును. ఇరువురును శిశువు మేలుకోరియే పలుకుచున్నారు. కాని ఆ రెండు మాటలును పొరబాటులే.

రెండు విధములైన సూదులు

ప్రసవసమయమున వేయు సూదులన్నియు ఒకటి కావు. నొప్పులు వచ్చుటకు వేయునది ఒకటి; నొప్పి తగ్గుటకు వేయునది వేరొకటి. ఇచట మనము ముచ్చటించునది రెండవదానిని గూర్చి. ఇందును ముఖ్యముగ రెండు తరగతులు గలవు. పెథిడిన్ వంటి మందును కండలోనికో నరములోనికో ఎక్కింతురు. అది రక్తమున కలిసి ఒడలంతయు వ్యాపించును. రెండవది వెన్నులో వేయు సూది. ఇది నడుము క్రింది భాగమునకు స్పర్శ తగ్గించును. తల్లి మెలకువగనే యుండును.

మందు శిశువును చేరు విధము

గర్భస్థశిశువునకు ఆహారము మావిద్వారా అందును. తల్లి రక్తమున కలిసిన పెథిడిన్ కూడ ఆ మార్గముననే శిశువును చేరును. తల్లి శరీరమున ఈ మందులో సగము కొలది గంటలలోనే విరిగిపోవును. నవజాతశిశువు కాలేయము ఇంకను బలపడనిది గనుక అంత పని చేయుటకు దానికి ఎన్నో రెట్లు కాలము పట్టును. ఆ మందునుండి పుట్టు మరియొక పదార్థము రెండు మూడు దినములు, అంతకన్న ఎక్కువ కాలము కూడ, శిశువు శరీరమున నిలుచును. అందువలననే శిశువు మగతగా నుండును. చప్పరించుటలో పట్టు తగ్గును. శిశువు మగతకు ముఖ్యకారణము పుట్టుటకు పూర్వమే చేరిన మందు గాని, తల్లిపాలు కావు.

పరిశీలనలు తెలుపు సత్యము

స్వీడన్ దేశమున 72 మంది శిశువులను పుట్టిన పిమ్మట రెండు గంటలపాటు పరిశీలించి, ఫలితములను 1990లో ప్రకటించిరి. పెథిడిన్ పొందిన తల్లుల శిశువులు 40 మందిలో 25 మంది అసలు చప్పరింపనే లేదు. ఆ పరిశీలనలోనే మరియొక విశేషము బయటపడెను. గంటకు తక్కువ గాకుండ తల్లి యొడిలో కదలింపక యుంచిన 38 మందిలో 24 మంది సరిగా రొమ్ము పట్టిరి. ఇరువది నిమిషములకే తూకమునకు, బట్టలు తొడుగుటకు వేరుచేసిన 34 మందిలో సరిగా పట్టినవారు 7గురే. మందువలెనే ఎడబాటు కూడ పాలకు ఆటంకమని దీనివలన తెలియుచున్నది.

వెన్నుసూది విషయమున నిపుణుల ఫలితములు ఒక్కతీరుగ లేవు. అందు కలుపు ఫెంటనిల్ మోతాదు మిక్కుటమైన తల్లులలో ఆరువారములకే పాలు మాన్పించినవారు ఎక్కువగ నుండిరని 2005లో న్యూయార్కు నగరపు పరిశీలన తెలిపెను. 2010లో ప్రకటితమైన ఇంగ్లండు పరిశీలనలో అట్టి తేడా కానరాలేదు.

నొప్పియు పాలకు శత్రువే

ఇది చదివి, మందే వద్దని తల్లిని బాధకు వదలివేయరాదు. తీవ్రమైన నొప్పి, భయము, అలసట గల తల్లికి పాలు సులభముగ దిగవు. పాలను ముందుకు త్రోయు ఆక్సిటోసిన్ అను రసము మనస్సు నెమ్మదిగ నున్నప్పుడే చక్కగ ఊరును. కోరిన తల్లికి నొప్పి తగ్గించు చికిత్స అందవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. తల్లి కోరిన మనిషి చెంతనుండుట, నడుము మర్దన చేయుట కూడ ఆ సూచనలలోనివే.

శస్త్రచికిత్సకు వెన్నులో వేయు మందు స్వల్పము. పాలలో చేరునది అత్యల్పము. తల్లి ప్రక్కకు ఒత్తిగిలి మొదటి గంటలోనే పాలీయవచ్చును. పూర్తి మత్తు పొందిన తల్లియు తెలివి వచ్చి శిశువును పట్టుకొనగలిగిన వెంటనే పాలీయవచ్చును. తరువాతి నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవచ్చును. కోడీన్, ట్రమడాల్ అను మందులు పాలిచ్చు తల్లులకు తగవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించినది.

శిశువు మగతగా నున్నచో

శిశువును తుడిచి, తల్లి రొమ్ములపై ఒడలికి ఒడలు తగులునట్లు పరుండబెట్టి, పైన గుడ్డ కప్పవలెను. ముక్కు మూసికొనిపోకుండ చూడవలెను. తల్లియు మగతగా నున్నప్పుడు ఇరువురిని ఒంటరిగ విడువరాదు; ఇంటివారొకరు కనిపెట్టి యుండవలెను. రెండు మూడు గంటలకొకసారి అరికాలు నిమిరి మేలుకొలిపి రొమ్మునందింపవలెను. అప్పటికిని చప్పరింపనిచో, ముర్రుపాలు చేతితో పిండి, శుభ్రపరచిన ఉగ్గుగిన్నెతో, శిశువు మెలకువగ నున్నప్పుడే కొంచెము కొంచెముగ పట్టవలెను. తొలిదినమున ఒక్కొక్కసారి చిన్న చెంచాడు పాలే చాలును. అవి కొంచెమని చింతింపనక్కరలేదు. తేనె, పంచదారనీళ్ళు, ఆముదము నాకింపరాదు.

పైని చెప్పిన సర్వేలో, మూడేండ్లలోపు పిల్లలలో పుట్టిన గంటలోపల తల్లిపాలు పొందినవారు నూటికి 41.8 మంది మాత్రమే. ఆసుపత్రి కానుపులు పెరిగినను ఈ సంఖ్య పెరుగవలసినంత పెరుగలేదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. ఏ సూది ఎప్పుడు వేసిరో వైద్యునో నర్సునో అడిగి తెలిసికొనవలెను.

2. పుట్టిన శిశువు నిద్రించినంతమాత్రమున తల్లికి పాలు లేవని తలపరాదు.

3. ముర్రుపాలు పారబోయరాదు.

4. శిశువు ఎంత లేపినను లేవకున్నను, ఊపిరి కష్టముగ నున్నను, పెదవులు నీలమైనను, ఒడలు చల్లబడినను, ఒక దినములో మూత్రము పోయకున్నను, ఆలస్యము చేయక వైద్యునకు చూపవలెను.

మందు మగత కొలది దినములలో తొలగిపోవును. ఆ కొలది దినములలో తొందరపడి డబ్బాపాలు మరపినచో శిశువు రొమ్ము పట్టుట మరచును. పాలు తీయువారు లేక తల్లికి పాలు తగ్గును. అప్పుడు నిజముగనే పాలు కరవగును. ఆ నాలుగు దినములు ఇంటిల్లిపాది ఓర్పుతో తల్లికి తోడు నిలిచిన, శిశువు ఆరుమాసములు తల్లిపాలతోనే చక్కగ పెరుగును.