కొత్త వెర్షన్‌కు ఎప్పుడు మారాలి?

వెబ్‌సైట్లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రూపల్ 8వ వెర్షన్ 2015 నవంబరులో వచ్చింది. 7 నుంచి 8కి మారడం బటన్ నొక్కితే అయ్యే పని కాదు. లోపలి కోడ్‌ను చాలావరకు తిరగరాశారు కాబట్టి పాత మాడ్యూళ్లు, థీమ్‌లు అందులో పనిచేయవు. సైటును దాదాపు మళ్లీ కట్టి, సమాచారాన్ని తరలించాలి. చాలామంది ఆగిపోయారు. వాళ్లు నష్టపోలేదు: 8కి మద్దతు 2021 నవంబరులోనే ముగిసింది, పాతదైన 7కి మాత్రం 2025 జనవరి 5 దాకా సాగింది!

కొత్తదంటే భద్రమని కూడా అనలేం. 2014 అక్టోబరు 15న ప్రకటించిన తీవ్రమైన లోపం 7లోనే ఉంది, 6లో లేదు. గంటల్లోనే దాడులు మొదలయ్యాయి. ప్రకటన వెలువడిన 7 గంటల్లోగా సరిచేయని సైటు హ్యాకర్ల చేతికి చిక్కినట్టే భావించాలని డ్రూపల్ భద్రతా బృందం హెచ్చరించింది. అప్పుడు చేయాల్సిందల్లా 7.31 నుంచి 7.32కి మారడమే. ఇలాంటి చిన్న అప్‌డేట్‌ను ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. పెద్ద మార్పును మాత్రం మద్దతు గడువు చూసుకుని, ముందు సైటు నకలుపై ప్రయత్నించి, తీరిగ్గా చేయవచ్చు. డ్రూపల్ 7 సైట్లకు ఆ గడువు ఇప్పటికే దాటిపోయింది.