బడి మార్చే ముందు ఒక్క పూట

మామిడి కోతలు అయిపోయాయి. తోట గుత్త డబ్బు చేతికొచ్చింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు ఊళ్లలో ఈ రోజుల్లో ప్రతి అరుగు మీదా ఒకటే మాట: పిల్లాణ్ణి ఈ ఏడు ఏ బళ్లో వేద్దాం?

అమ్మా, అయ్యా, ఆ నిర్ణయం మీదే. మీ బిడ్డ సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బిడ్డతోపాటు డబ్బు కూడా బడి మారుతుందన్న సంగతి మాత్రం ఒకసారి చెప్పుకోవాలి.

2020లో అమ్మఒడి పథకం మొదలైనప్పుడే సర్కారు సాయం ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ అందింది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనమూ అంతే. బిడ్డకు రూ.15 వేలలో రూ.13 వేలు తల్లి ఖాతాకు, రూ.2 వేలు బడుల నిర్వహణకు. ఇలాంటిది వేరేచోటా ఉంది. అమెరికాలో 1991లో మిన్నెసోటా రాష్ట్రం, సర్కారు సొమ్ముతో సొంత పద్ధతిలో నడిచే చార్టర్ బడులకు చట్టం చేసింది. పిల్లవాడు ఎటు వెళ్తే సర్కారు సొమ్ము అటు. పాత బడులకు దానివల్ల ఏమవుతుందన్న వాదన అక్కడ ఇంకా తెగలేదు. మామిడి రైతుకైతే ఆ చిక్కు విడమరచి చెప్పనక్కర్లేదు. తోట సగమే కాసిందని కాపలా మనిషికి సగం జీతం ఇవ్వం. దున్నకం తగ్గదు, మందు కొట్టడం తగ్గదు. బడీ అంతే. పదిమంది పిల్లలు వెళ్లిపోయినా గదులు అవే, కారే పైకప్పు అదే, తరగతులు ఐదూ ఐదే. తగ్గేది టీచరు పోస్టు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. అంటే 62 మంది ఉన్న బడి నుంచి ఇద్దరు పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కితే చాలు, మూడో టీచరు పోస్టు నిలవదు. మిగిలిన 60 మందికి, ఐదు తరగతులకు, ఇద్దరే. మన రాష్ట్రంలో జీవోలు మారుతూనే ఉన్నాయి. 2022లో 117 జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు వెళ్లాయి. 2025లో దాన్ని పక్కనబెట్టి తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. ఏ జీవో వచ్చినా ముందు చూసేది రిజిస్టరులో పేర్లెన్ని అనే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ముందుగా బడి మార్చేది సాధారణంగా గట్టిగా అడిగే తల్లిదండ్రులే. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. బిడ్డను తీసేస్తే అక్కడ కూర్చునే హక్కూ పోతుంది. నీళ్ల ట్యాంకు కడిగారా, ఆ రూ.2 వేలు మన బడికి ఎలా అందాయి, ఎక్కడ ఖర్చయ్యాయి అని అడిగే నోరు ఉండదు.

అందుకే ఒక్క పూట తీరిక చేసుకోండి. ఊరి బడికి వెళ్లి రెండో తరగతి బిడ్డ చేత ఒక పేజీ చదివించండి. మూడో తరగతి బిడ్డ చేత తీసివేతలు చేయించండి. మీరు చేర్పించాలనుకున్న ప్రైవేటు బడిలోనూ అదే పని చేయండి. అక్కడ ఎంతమంది టీచర్లు ఏడాది పొడుగునా నిలుస్తున్నారో కూడా అడగండి. ఫీజు, బస్సు, పుస్తకాలు, బూట్లు కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాయండి. రూ.13 వేలు దాటిన ప్రతి రూపాయీ వచ్చే కాపు మీద తీసుకునే అప్పే. మంచు పట్టి పూత మాడిపోయిన ఏడు ఆ అప్పు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇవన్నీ చూశాక ప్రైవేటే మేలనిపిస్తే నిండు మనసుతో చేర్పించండి, అందులో తప్పేమీ లేదు. చేతిలో డబ్బు లేకపోతే, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో పేద పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్ల గురించి కనుక్కోండి.

ఇంకో మాట. 2008లో మన నూజివీడులోనే పెట్టిన ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కులతో వస్తుంది. హాస్టలు లేని సర్కారు బడిలో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. బిడ్డను బస్సెక్కించే ముందు ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, మన బడి నుంచి ఇప్పటిదాకా అక్కడికి ఎంతమంది వెళ్లారో అడగండి.