జారే కారును పట్టుకునే యంత్రం

వరి మడిలో ట్రాక్టరు దమ్ము చేస్తుంటే చూశారు కదా! గట్టు దగ్గరికి రాగానే అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అంత పెద్ద బండి అంత తక్కువ చోటులో ఎలా తిరిగింది?

డ్రైవరు కాళ్ల దగ్గర చూడండి. ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానిది. ఇంకొకటి కుడి వెనక చక్రానిది. ఎడమది ఒక్కటే తొక్కితే ఎడమ చక్రం ఆగుతుంది. కుడి చక్రం నడుస్తూనే ఉంటుంది. బండి ఎడమకు తిరుగుతుంది. ఎడ్లబండి కూడా ఇంతే. ఎడమ ఎద్దును పట్టి, కుడి ఎద్దును అదిలిస్తే బండి ఎడమకు మళ్లుతుంది. (రోడ్డెక్కేముందు ట్రాక్టరు పెడళ్లు రెండూ కలిపి గొళ్లెం వేయాలి. లేకపోతే జోరులో ఒక పక్కే బ్రేకు పడి బోల్తా కొడుతుంది.)

ఒక పక్క చక్రాన్ని పట్టుకుంటే బండి ఆ పక్కకు తిరుగుతుంది. కార్లలో వచ్చిన ఒక యంత్రం ఈ కిటుకు మీదే పని చేస్తుంది. దాని పేరు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. పొట్టిగా ఇ.ఎస్.సి. అంటారు. కొన్ని కంపెనీలు ఇ.ఎస్.పి. అంటాయి. రెండూ ఒకటే.

వాన పడింది. రోడ్డు తడిగా ఉంది. కారు జోరుగా పోతోంది. గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు స్టీరింగు చటుక్కున ఎడమకు తిప్పాడు. కారు ముందు భాగం ఎడమకు తిరిగింది. వెనక భాగం కుడి పక్కకు జారిపోతోంది. ఏదో ఒక చక్రానికి బ్రేకు వేద్దామంటే డ్రైవరు వల్ల కాదు. కారుకు బ్రేకు పెడలు ఒక్కటే. తొక్కితే నాలుగు చక్రాలకూ పడుతుంది.

అప్పుడు యంత్రం కలగజేసుకుంటుంది. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సారు ఉంటుంది. సెన్సారు అంటే కనిపెట్టి చెప్పేది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది చెబుతుంది. స్టీరింగు దగ్గరి సెన్సారు డ్రైవరు ఎటు పోదామనుకున్నాడో చెబుతుంది. కారు లోపలి సెన్సారు కారు నిజంగా ఎటు తిరుగుతోందో చెబుతుంది. చిన్న కంప్యూటరు వీటిని సెకనుకు ఎన్నోసార్లు సరిచూస్తుంది. తేడా వస్తే ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. మన గేదె దగ్గరైతే ముందు కుడి చక్రాన్ని పట్టుకుంటుంది. కారు మళ్లీ దారిలోకి వస్తుంది. అవసరమైతే ఇంజను జోరు కూడా తగ్గిస్తుంది.

బురదలో కారు దిగబడితే ఒక చక్రం ఊరికే గిరగిరా తిరుగుతుంది. రెండోది కదలదు. ఇంజను బలమంతా సులువుగా తిరిగే చక్రానికే పోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. బలం రెండో చక్రానికి మళ్లుతుంది.

1995లో జర్మనీలో ఖరీదైన మెర్సిడెస్ కారుకు ఇ.ఎస్.పి. మొదట పెట్టారు. 1997లో అదే కంపెనీ చిన్న కారు ఒకటి స్వీడన్ దేశంలో బోల్తా పడింది. ఆ దేశంలో గుర్రమంత దుప్పులు రోడ్డుకు అడ్డం వస్తాయి. కారు వాటిని తప్పించుకోగలదా అని ఒక పత్రిక వాళ్లు పరీక్ష పెట్టారు. ఆ పరీక్షలోనే కారు పడింది. కంపెనీకి తలవంపులయింది. తరువాత ఆ చిన్న కారుకూ ఇ.ఎస్.పి. పెట్టింది. ఉన్నవాళ్ల కారుకు ఉన్న రక్ష చిన్న కారుకు రావడానికి ఒక కారు పల్టీ కొట్టాల్సి వచ్చింది!

అయితే ఈ యంత్రం అన్నిటినీ కాపాడలేదు. ఒక్కో టైరు నేలను తాకేది సుమారు అరచెయ్యంత. కారుకు ఉన్న పట్టు అంతా ఆ నాలుగు అరచేతులదే. టైరు అరిగి నున్నబడితే కంప్యూటరు ఏమీ చేయలేదు. మరీ జోరుగా మలుపు తిప్పినా అంతే.

పెళ్లికో తిరునాళ్లకో అద్దె కారు ఎక్కుతాం. ఎక్కేముందు టైర్ల గాళ్లు చూడండి. తరువాత డ్రైవరు ముందుండే దీపాలు చూడండి. ఈ యంత్రం ఉన్న కారులో ఒక పసుపు దీపం ఉంటుంది. దాని మీద కారు బొమ్మ, కింద రెండు వంకర గీతలు ఉంటాయి. కారు స్టార్టు చేసేటప్పుడు అది వెలిగి ఆరిపోతుంది. దారిలో మిణుకుమిణుకుమంటే చక్రం జారుతోందని, యంత్రం పని చేస్తోందని అర్థం. నెమ్మదిగా పోనివ్వమనాలి. ఆరకుండా అలాగే వెలుగుతుంటే యంత్రం పని చేయడం లేదన్నమాట. "తమ్ముడూ, ఆ పసుపు దీపం ఆరలేదేం?" అని వెనక సీటులోంచే అడగండి.